తస్రిపిన్ వేసిన బోర్లు

జావా తీరంలోని పెకలోంగన్‌లో మా వైపు ఏ బాతిక్ అద్దకం షెడ్డుకు వెళ్లినా తస్రిపిన్ వేసిన బోరే ఉండేది. పైపు మీద అరచెయ్యి ఆనించి, కింద తగిలింది ఇసుకో బంకమట్టో చెప్పేవాడు. నూట ముప్పై మీటర్ల లోతు నుంచి మా షెడ్డుకు మంచినీళ్లు పడిన రోజు ఆయనకు కొత్త లుంగీ పెట్టి పంపాం.

ఆయనకు పిల్లలు లేరు. భార్య వార్సితిని సముద్రం వైపు శ్మశానంలో పూడ్చారు. మొదట్లో పోటు నీళ్లు అక్కడిదాకా వచ్చి పోయేవి. తరువాత పోవడం మానేశాయి. ఆయన వీధివాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు వదిలేశారు. తస్రిపిన్ మాత్రం మూడుసార్లు మట్టి పోసి ఇంటి నేలను ఎత్తు చేసుకున్నాడు. చివరికి నడుం వంచితే తప్ప గుమ్మం దాటలేకపోయేవాడు. గురువారం సాయంత్రాలు పడవలో వెళ్లి, సమాధి ఉండాల్సిన చోటు అంచనా వేసి పూలు చల్లి వచ్చేవాడు.

ఒకసారి బాందుంగ్ నగరం నుంచి, నేల కదలికలు కొలిచే కినాసిహ్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలో గది మూలలా కలిపి బిగించిన మూడు అల్యూమినియం రేకులున్నాయి.

"పాక్, ఇది మీ పెరట్లో పెట్టుకోనిస్తారా? ఎవరూ కదపకూడదు," అంది. మా దగ్గర పెద్ద మగవాళ్లను పాక్ అనే పిలుస్తారు.

"కదపడానికి ఎవరున్నారు తల్లీ. మేకలు కూడా వెళ్లిపోయాయి."

పన్నెండు రోజులకోసారి ఉపగ్రహం పైనుంచి రాడార్ తరంగాలు పంపుతుందనీ, అవి ఆ రేకులకు తగిలి వెనక్కి వెళ్తే నేల ఎంత కదిలిందో తెలుస్తుందనీ చెప్పింది. ఆ రోజు నుంచి తస్రిపిన్ రేకుల మీద కాకిరెట్టలు తుడవడం పనిగా పెట్టుకున్నాడు.

ఏడాదికి ఆమె పటం తెచ్చింది. చూపు ఆనడం లేదని ఆయన నన్ను పిలిపించాడు. మా పేటంతా ఎర్రగా ఉంది.

"ఏడాదికి పది సెంటీమీటర్లు పాక్."

"సముద్రం అంత పెరిగిపోతోందా?"

"సముద్రం పెరిగేది ఒక సెంటీమీటరు కూడా ఉండదు. దిగుతున్నది మీ నేలే. లోతు నీళ్లు తోడేస్తుంటే కింద బంకమట్టి అణిగిపోతోంది."

ఆయన బాగా ఎర్రగా ఉన్నచోటల్లా వేలు పెడుతూ పోయాడు. "ఇది ఐసు ఫ్యాక్టరీ. ఇది రంగుల షెడ్డు. ఇది..." అని నా వైపు చూశాడు. "మీది." అన్నీ ఆయన చేత్తో వేసినవే.

"ఈ నల్లటిదేంటి తల్లీ?"

"నీళ్లు పాక్. నీళ్ల మీద పడ్డ తరంగాలు పక్కకు జారిపోతాయి. అక్కడినుంచి మాకేమీ తిరిగి రాదు."

శ్మశానం అక్కడే. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు.

మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని అన్ని బోర్లూ చూపించాడు. అనుమతి లేనివి, గచ్చు కింద దాచినవి కూడా. మొత్తం అరవై ఎనిమిది ఆమె రాసుకుంది, ఆ జాబితా అధికారుల దాకా వెళ్లింది.

"ముసలాడు మన అన్నం తిని మన కడుపే కొట్టాడు," అన్నాడు మా అన్న. శుభకార్యాలప్పుడు ఇంటింటికీ పంపే అన్నం పొట్లం ఆయన గుమ్మానికి వెళ్లడం ఆగిపోయింది. మసీదులో పలకరించేవాళ్లు లేరు. నేనూ తల తిప్పుకున్నాను. ఆయన పెరట్లో రేకుల పక్కన ఒక్కడే కూర్చుని ఉండడం దారిలోంచి కనిపించేది.

రెండేళ్లకు మా వీధులకు పైపు నీళ్లొచ్చాయి. కొన్ని బోర్లు మూయించారు, మాదీ మూతపడింది. కినాసిహ్ మళ్లీ వచ్చిందని తెలిసి అన్నం పొట్లం పట్టుకుని నేనూ వెళ్లాను.

"మీ వైపు దిగడం సగానికి తగ్గింది పాక్."

"మళ్లీ పైకి లేస్తుందా?"

"లేవదు. అణిగిన మట్టి అణిగినట్టే. ఇక మీదట తక్కువ దిగుతుంది, అంతే."

"సరేలే. ఇంకా ఇక్కడ ఉన్నవాళ్లకు మంచిదే," అన్నాడు.

ఆమె వెళ్లాక పొట్లం విప్పి రెండు ముద్దలు తిన్నాడు.

"పోయినేడు మీ అమ్మ పోయిందని మసీదు మైకులో విన్నాను. మీ వాకిలి దాకా వచ్చాను. లోపల జనం ఉన్నారు. వెనక్కి వెళ్లిపోయాను."

ఆ రోజు ఆయన వచ్చి నిలబడడం కిటికీలోంచి చూశానని నేను చెప్పలేదు.