ఓవెన్‌లో చేపల పులుసు

డెబ్భైల చివరి మాట. సాయంత్రం కాలేజీలో బీఎస్సీ చదువుతూ, పగలు విశాఖ పోర్టు దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో అప్రెంటిస్‌గా ఉండేదాన్ని. ఓడకెక్కే ఇనుప ఖనిజంలో తేమ ఎంతుందో చూడటం మా పని. నమూనా తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్ళీ తూచేవాళ్ళం.

భీమిలి నుంచి తొలి బస్సుకు వచ్చేదాన్ని కాబట్టి మధ్యాహ్నానికి నా క్యారేజీ చల్లారిపోయేది. ఒకరోజు ఎవరూ చూడకుండా దాన్నీ ఓవెన్‌లో పెట్టేశాను. ఓడ తరఫు ఇన్‌స్పెక్టరు ఎదుటే మా చీఫ్ కెమిస్టు ఓవెన్ తలుపు తీశారు. గదంతా చేపల పులుసు వాసన.

"ఎవులిదీ కేరేజీ?" అన్నారు చీఫ్.

"నాదే సార్. సల్లారిపోతందని ఎట్టినాను" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

పులుసు ఆవిరి పట్టిన నమూనా పనికిరాదు. కొత్తది ఆరేదాకా ఓడ ఆగింది. నా అప్రెంటిస్ పని అక్కడితో సరి అనుకున్నాను. ఆయన మాత్రం రిజిస్టరు నా ముందుకు తోసి, "మళ్ళీ టెస్టు ఎందుకు సేసినామో రాసి, సంతకం పెట్టు" అన్నారు.

మామూలుగా అప్రెంటిస్‌ల చేత సంతకం పెట్టించేవారు కాదు. "కారణం: చేపల పులుసు" అని రాసి, నా మొదటి సంతకం పెట్టాను.

తర్వాత కెమిస్టునై ఎన్నో రిపోర్టులు రాశాను. అంత తిరుగులేని రిపోర్టు మాత్రం మళ్ళీ రాయలేదు.