స్పానిష్ సముద్రం నోరు నొక్కిన రోజు

బాపట్లలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నలభై మంది ముందు నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను.

మా ఫిల్మ్ క్లబ్బు అధ్యక్షురాలు, రిటైర్డ్ టీచరు సుగుణమ్మగారు ముందే తేల్చి చెప్పారు. "చూడవయ్యా, ఈ స్పానిష్ సినిమా జనానికి ఎక్కితే నెలనెలా ఒక విదేశీ సినిమా వేద్దాం. ఎక్కకపోతే మళ్ళీ మన పాత సినిమాలే."

"ఎక్కుద్దండి. దగ్గరుండి నేను అర్థం చెప్తాగా. మూడుసార్లు చూశానండి," అన్నాను. నిజానికి చూసింది ఒక్కసారి. అదీ రేపల్లె నుంచి తెనాలి వెళ్ళే రైల్లో, ఇయర్‌ఫోన్లు ఇంట్లో మరిచిపోయి, సౌండు తీసేసి, ఫోన్లో కింద అక్షరాలు చదువుకుంటూ.

చర్చి పక్క హాల్లో సినిమా మొదలైంది. ఎర్ర కర్టెన్లు, నిమ్మకాయ కోస్తున్న చేతులు, పెనం మీద చేపలు. వేటకెళ్ళి తిరిగిరాని కొడుకు కోసం ఒడ్డున నిలబడ్డ తల్లి. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. నాకు పూనకం వచ్చేసింది. మైకు అందుకున్నాను.

"గమనించారాండీ? చేపలు వేగుతున్నా చప్పుడు లేదు. అలలు విరుగుతున్నా చప్పుడు లేదు. ఆ తల్లి దుఃఖానికి లోకమంతా మూగబోయింది. అదీ దర్శకుడి గొప్పతనం."

సుగుణమ్మగారు నోట్సు రాసుకుంటున్నారు. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇక నన్ను పట్టేదెవరు? ఇరవై నిమిషాలపాటు ఆ నిశ్శబ్దాన్ని పిండి ఆరేశాను.

ముందు వరసలోంచి మరియమ్మత్త లేచింది. సూర్యలంకలో చేపల వ్యాపారం ఆమెది.

"బాబూ, ఒక మాట అడగనా?"

"అడగండత్తా."

"మా ఆయన వేటకెళ్ళి రాలేదు. పదేళ్ళయింది. ఆ రోజు నుంచి నాకు సముద్రం మోత ఎక్కువైంది గాని తగ్గలేదు. సినిమాలో ఆవిడ అంత నోరు తెరిచి ఏడుస్తంటే మాకు వినపడకపోవడమేంటి? నీ కాళ్ళ దగ్గర వైరేదో పడుంది, చూడు."

చూశాను. సినిమా సౌండు వైరు. స్పీకరుకు ఉన్నది ఒకటే రంధ్రం. నా ఉపన్యాసం కోసం, సినిమా మొదలవకముందే, అదేం వైరో చూడకుండా పీకి అక్కడ మైకు గుచ్చింది నేనే.

మైకు తీసి ఆ వైరు పెట్టగానే సముద్రం హాల్లోకి విరుచుకుపడింది. ఆ తల్లి గొంతు వినగానే అందరి కళ్ళూ తడిశాయి. అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు. నేనూ ఏడ్చాను, సగం సిగ్గుతో, సగం నిజంగా.

"నెలనెలా వేద్దాం," అన్నారు సుగుణమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ. "అర్థం మరియమ్మ చెబుతుంది. నువ్వు వైర్లు చూసుకో."

ఇప్పటికీ అదే నా పదవి. కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్పీకరు వైరు నా చేత్తో తడిమి చూడనిదే, ఈ జన్మలో ఏ నిశ్శబ్దాన్నీ పొగడను.