మాల మెడలో ఉన్నన్నాళ్ళు

"తుమ్మితే తప్పేందమ్మా? తుమ్మొస్తే పిల్లలు ముక్కు పట్టుకోని కూసోవాల్నా?" అని అడిగాడు హెడ్మాస్టరు.

సత్తమ్మ ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ వేళకు ఆమె కొడుకు కొమురెల్లిని పోలీసులు పట్టుకెళ్ళి పిల్లల హోంలో పెట్టారు. వాడు ఇనుప గంటెతో కొట్టిన మణిదీప్ కరీంనగర్ పెద్ద దవాఖానలో ఉన్నాడు, ఎడమ కంటికి కట్టుతో. ఇద్దరూ తొమ్మిదో తరగతి. ఇద్దరి ఇళ్ళూ ఎదురెదురు.

"గవి తుమ్ములు కావు సారూ," అన్నది సత్తమ్మ.

"మరేంది?"

ఏమిటో ఆమె చెప్పలేకపోయింది. దాదాపు ఏడాది సాగినదాన్ని అట్లా నిలబడి రెండు మాటల్లో చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే మొదటి నుంచీ చెప్పాలి.

సత్తమ్మ మా నేతవాడలో బీడీలు చేస్తుంది. భర్త లక్ష్మీరాజం ఒక సేటు దగ్గర సాంచాలు నడుపుతాడు. ఆ మరమగ్గాల చప్పుడుకు అతని చెవులు మందగించి ఇంట్లో కూడా కేకలు వేసినట్టే మాట్లాడతాడు. సత్తమ్మ మాత్రం మెల్లగా మాట్లాడే మనిషి. పొద్దున్నే చాయ పెడితే పక్కింటి ముసలమ్మకు ఒక గ్లాసు పోయనిదే తాను తాగదు. ఎదురింటి గంగుబాయి ఆదిలాబాద్ నుంచి కోడలై వచ్చింది. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చొని తునికాకు కత్తిరిస్తారు, తంబాకు పోసి చుడతారు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు తమ చాటలో నుంచి రెండు గుప్పెళ్ళ బీడీలు తీసి ఆ చాటలో వేస్తారు. అడగడాలూ చెప్పడాలూ ఉండవు.

బీడీలు చేసే ఇంట్లో తంబాకు వాసన గోడల్లో ఉంటుంది, దుప్పట్లలో ఉంటుంది, ఉతికి ఆరేసిన చొక్కాలో కూడా ఉంటుంది. అందులో పుట్టి పెరిగిన పిల్లలకు అదొక వాసన అనే తెలియదు. ఎవరో చెప్పాలి. కొమురెల్లికి చెప్పింది వాళ్ళ సైన్సు సారు లక్ష్మణ్.

అప్పుడు వాడు ఎనిమిదిలో ఉన్నాడు. ఆ రోజు పొగాకు గురించి పాఠం. నీళ్ళ బిందె మోసిపెట్టి వచ్చేసరికి ఆలస్యమై గుమ్మంలో నిలబడి "సార్, లోపలికి రావచ్చా?" అన్నాడు. సారు ముక్కు ఎగబీల్చాడు. జేబురుమాలు తీసి, "హాచ్" అని ఉత్తుత్తి తుమ్ము తుమ్మాడు. "పొగాకు ఆరోగ్యానికి హానికరం అని ఇప్పుడే చెప్తున్న. సాంపిల్ గూడ వచ్చింది, సూడుండ్రి!" అన్నాడు. తరగతి మొత్తం విరగబడి నవ్వింది. సారు సాయంత్రానికి ఆ మాట మర్చిపోయి ఉంటాడు. పిల్లలు మర్చిపోలేదు.

మర్నాడు కొమురెల్లి గదిలోకి రాగానే వెనక బెంచీ నుంచి ఒక తుమ్ము. ఆ తర్వాత రెండు. వారం తిరిగేసరికి వాడు ఎటు వెళితే అటు తుమ్ములే. హాజరు పలికితే తుమ్ము. కుళాయి దగ్గర తుమ్ము. అన్నం పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడితే ముందొకరు, వెనకొకరు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఏమని ఫిర్యాదు చేస్తాడు? ఇల్లు దాటుతుంటే ఎవరన్నా తుమ్మితే మనం ఆగిపోతాం, కాసేపు కూర్చొని నీళ్ళు తాగి బయలుదేరుతాం. నీ రాకే అపశకునం అని ఆ పిల్లవాడికి రోజంతా చెబుతూనే ఉన్నారు. లక్ష్మణ్ సారు బోర్డు వైపు తిరిగి చిరునవ్వు నవ్వుకునేవాడు. అందరికంటే గట్టిగా తుమ్మేవాడు మణిదీప్. గంగుబాయి కొడుకు. వాడి తల్లి చేసేదీ బీడీలే.

కొమురెల్లికి కడుపునొప్పి మొదలైంది. బడికి పోయే వేళకే వచ్చేది. స్నానానికి వెళితే బయటికి వచ్చేవాడు కాదు. ఇటుక ముక్కతో చేతులు రుద్దుకుంటే చర్మం లేచి ఎర్రబారేది. ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికేవాడు. తల్లి దగ్గర కూర్చోవడం మానేశాడు. ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాసు గోళీలిచ్చాడు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించారు.

ఆశా కార్యకర్త లిడియా ఒకనాడు ఆ చేతులు చూసింది. చర్చి గల్లీలో ఉండే ఆ పిల్లకు ఎవరింట్లోకి వెళ్ళినా ముందు పిల్లల ముఖాలు చూసే అలవాటు.

"అక్కా, గిది కడుపునొప్పి కాదు. పిల్లగాని మనసుల ఏదో పడ్డది. పెద్ద దవాఖానల మనసు డాక్టరుంటడు. నేను తోల్కపోత, నువ్వు జర రా."

"మనసు డాక్టరంటే పిచ్చి డాక్టరేనా?"

"గట్లనకక్కా."

"నా కొడుకుకు పిచ్చని వాడకట్టంత ఎరుకచేస్తవా? నీకు దండం పెడ్త, పోయిరా పిల్లా."

లిడియా వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాట విని వెళ్ళింది. ఆమెకు విసుగు రాకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ ఎండాకాలం ముందర లక్ష్మీరాజం ఎప్పటిలాగే హనుమాన్ మాల వేసుకుంటుంటే, నేనూ వేసుకుంటా బాపూ అన్నాడు కొమురెల్లి. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. కాషాయం కట్టి, మెడలో మాల పడ్డ క్షణం నుంచి వాడు కొమురెల్లి కాడు, స్వామి. కన్నతల్లి కూడా "స్వామీ, భిక్షకు రాండ్రి" అనాలి. హోటల్ యజమాని వాడి కోసం గ్లాసు మళ్ళీ కడిగి చాయ పోశాడు. ఎండకు కాళ్ళు కాలుతున్నాయని ఎవరో ముసలాయన వాడు నడిచే దారిలో నీళ్ళు చల్లాడు. సత్తమ్మ తంబాకు ఇంట్లోకి తేకుండా గంగుబాయి అరుగు మీదే పని చేసుకొని, తలస్నానం చేశాకే గడప తొక్కేది.

బడిలో తుమ్ములు ఆగిపోయాయి. మాల వేసుకున్న మనిషి ఎదుట తుమ్మే ధైర్యం ఎవరికీ లేదు. మణిదీప్ కూడా చేతులు జోడించి "జై శ్రీరాం స్వామీ" అన్నాడు. లక్ష్మణ్ సారు "స్వామీ, కూచోండి" అని ముందు బెంచీ చూపించాడు. పిల్లవాడు తిన్నాడు, నిద్రపోయాడు, నవ్వాడు. కడుపునొప్పి మాటే లేదు. "అంజన్న బాగుజేసిండు," అని సత్తమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

నేనూ ఆ దేవుణ్ణే మొక్కుతాను. అందుకే చెబుతున్నాను, అంజన్న ఆ పిల్లవాడిని అన్నాళ్ళు తన నీడలో దాచాడు, అంతే. మనుషులు చూసుకోవలసిన పనిని దేవుడి మీద పెట్టి చేతులు దులుపుకున్నది మనం.

దీక్ష ముగిసే రోజులు దగ్గరపడ్డాయి.

"అవ్వా, మాల తియ్యకుంటే ఏమైతది?"

"తప్పు స్వామీ. నియమం గట్లనే ఉంటది. మళ్ళేడాది ఏసుకుందువు."

"ఏడాదంత ఏసుకోరాదా? చచ్చేదాక?"

సత్తమ్మ దండం పెట్టుకుంది. ఇంత భక్తి ఎవరి పుణ్యమో అనుకుంది.

హనుమాన్ జయంతి రోజు కొండగట్టు అంజన్న గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. మాల తీయడానికి గురుస్వామి చెయ్యి చాపితే కొమురెల్లి మాలను రెండు పిడికిళ్ళా పట్టుకొని వదల్లేదు. "వద్దు గురుస్వామీ, వద్దు, మీ కాళ్ళు మొక్కుత," అని ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు "జై హనుమాన్!" అన్నారు. ఒకావిడ వాడి పాదాలు తాకి కళ్ళకద్దుకుంది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. లక్ష్మీరాజం ఒక చేయి, గురుస్వామి ఒక చేయి పట్టి వేళ్ళు విడదీశారు. మాల వచ్చేసింది. భయంతో ఏడుస్తున్న పిల్లవాడిని చూసి, భక్తితో ఏడుస్తున్నాడని అంతమంది మురిసిపోయాం. దేవుడి పేరు తలచే మాకు ఒక పిల్లవాడి కళ్ళల్లో ఏముందో చదవడం రాలేదు.

సెలవులయ్యాక బడికి వెళ్ళాడు. అన్నాళ్ళు బిగబట్టుకున్న తుమ్ములన్నీ ఒక్కసారే తుమ్మారు. గది గదంతా. లక్ష్మణ్ సారు "ఇగ సాలురా, నవ్వలేక సస్తున్న" అన్నాడు. భోజనాల దగ్గర మణిదీప్ వాడి పక్కకు వచ్చి నిలబడ్డాడు. "స్వామి పోయిండు, సాంపిల్ వచ్చిండు," అని ముక్కు వాడి ముఖానికి ఆనించి తుమ్మాడు. పప్పు గుండిగలో గంటె ఉంది. కొమురెల్లి దాన్ని తీసి కొట్టాడు. మణిదీప్ కింద పడ్డాక కూడా కొట్టాడు. వంట చేసే ఆమె వాటేసుకొని లాగితే గాని ఆగలేదు. ఆ పైన ఒక్క మాట మాట్లాడలేదు. స్టేషనులో మాట్లాడలేదు, పిల్లల హోంలో మాట్లాడలేదు. తల్లి వెళ్ళి "నువ్వు జేసింది తప్పే బిడ్డా, గని నాకెందుకు చెప్పకపోతివిరా" అంటే గోడ వైపు తిరిగాడు.

సాటి పిల్లల నోట, వంటామె నోట ముక్కలు ముక్కలుగా విని సత్తమ్మ బడికి వెళ్ళింది. హెడ్మాస్టరు వేసిన ప్రశ్న అప్పటిది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "మీ వాడు మొదటి నుంచి మొండోడే. బోర్డు ముందట అదే చెప్తం. బడి పేరు కరాబు కావద్దు గద." పక్కనే లక్ష్మణ్ సారు ఫోన్ చూసుకుంటున్నాడు. పిల్లల కేసులు వినే బోర్డు ముందు కొమురెల్లి రౌడీ అని బడి చెబితే, కాదనేవాడు లేడు. వాడు నోరు తెరవడు. ముద్ర పడుతుంది, మందు దొరకదు.

సత్తమ్మ తిన్నగా దవాఖానకు వెళ్ళింది. లిడియా వెంట వచ్చింది. గంగుబాయి మంచం పక్కన నేల మీద కూర్చొని ఉంది. చూడగానే లేచింది.

"ఎందుకచ్చినవ్? ఇంకో కన్ను ఉన్నదని సూడనీకచ్చినవా?"

"తిట్టు బాయీ. తిట్టు. నా కొడుకు చేసిందానికి ఎన్ని తిట్టినా పడ్త."

"నీ చాట్ల నా చెయ్యితోని బీడీలు ఏసిన. నా పోరని కన్ను నీ పోరడు..." గంగుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అరే దేవా!"

"బాయీ, ఒక్కటి అడుగుత. గా తుమ్ములు నీకు ఎరుకనా?"

"ఏం తుమ్ములు?"

సత్తమ్మ చెప్పింది. చెబుతుంటే గంగుబాయి ముఖంలో కోపం అట్లాగే ఉంది గాని, చూపు మాత్రం కొడుకు మీదికి మళ్ళింది. మణిదీప్ ఒంటి కన్నుతో పైకప్పును చూస్తున్నాడు.

"నిజమేనా రా?"

వాడు పైకప్పు మీంచి చూపు తీసి తల్లి వైపు తిప్పాడు. తర్వాత అన్నాడు. "అందరు తుమ్ముతుండె అవ్వా. నేను తుమ్మకపోతే... మనింట్ల గూడ బీడీలే గద. నన్ను గూడ తుమ్ముతరని..."

"అందుకా రోజు సెంటు కొట్టుకోని పోయేది? నేను సోకనుకుంటి గదరా!"

"లక్ష్మణ్ సారే మొదలువెట్టిండు. సారు నవ్వుతుండె."

గంగుబాయి కొడుకు తలను ఒళ్ళోకి తీసుకుంది. సత్తమ్మ వైపు చూడలేదు. కానీ పొమ్మని కూడా అనలేదు. లిడియా బయటికి వెళ్ళి ముగ్గురికీ చాయ తెచ్చింది.

బోర్డులో కేసు వినే మేడం ముందు హెడ్మాస్టరు చెప్పవలసింది చెప్పాడు. లక్ష్మణ్ సారు "సరదాకు ఏదో అని ఉంట, గుర్తులేదు మేడం" అన్నాడు. గుర్తులేదట! ఒక పిల్లవాడు ఇటుకతో తోలు గీరుకున్నాడు, ఇంకొకడి కన్ను మసకబారింది, ఆయనకు గుర్తు లేదు. అప్పుడు కట్టుతో ఉన్న మణిదీప్ లేచి నిలబడ్డాడు. మెల్లగా మొదలుపెట్టి మొత్తం చెప్పాడు, తాను తుమ్మినవి కూడా దాచలేదు. కొట్టించుకున్నవాడు కొట్టినవాడి పక్షాన మాట్లాడడం ఆ మేడం ఎన్నడూ వినలేదేమో, మధ్యలో ఆపకుండా విన్నది.

కొమురెల్లిని ఇంటికి పంపారు. వారం వారం మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని చెప్పారు. సత్తమ్మ ఇప్పుడు వాడకట్టంతా వింటుండగానే "మనసు డాక్టరు కాడికి పోతున్నం" అని చెప్పి బస్సెక్కుతుంది. వాడు మాట్లాడడం మొదలుపెట్టాడు, కొద్దికొద్దిగా. మణిదీప్ చూపు పూర్తిగా రాలేదు, రాదన్నారు. ఎదురెదురు ఇళ్ళల్లోనే ఉన్నా వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకోలేదు. ఎప్పుడు మాట్లాడుకుంటారో తెలియదు.

లక్ష్మణ్ సారుకు ఏమైందంటే, పక్క మండలంలోని ఇంకో బడికి బదిలీ అయింది. అంతే. ఆ ఊళ్ళో కూడా ఇంటింటికీ బీడీలు చేసే తల్లులే.

ఆ సంగతి తెలిసిన నాడు సత్తమ్మ పని పక్కన పెట్టింది. ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆ ఊరి బస్సెక్కింది. గంగుబాయి పిలవకుండానే వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఆ ఊరి బీడీ కార్ఖానా ముందు ఆడవాళ్ళు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి గంపలతో వరుస కట్టి ఉన్నారు. సత్తమ్మ వాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడింది.

"అక్కా, చెల్లే, జర ఇనుండ్రి. మీ బడికి ఒక సారు వచ్చిండు..."

కౌంటర్ దగ్గరి గుమస్తా కేకేశాడు. "ఏయ్, ముచ్చట్లు బందువెట్టుండ్రి! లైను కదలాలె!"

లైను కదల్లేదు. ముందున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. సత్తమ్మ చెప్పడం అయ్యేదాకా ఎవరూ గంపలు దించలేదు.

"ఏ సారు? పేరేంది?" అని అడిగింది ఒకామె.

సత్తమ్మ చెప్పింది.

"గట్టిగ చెప్పు సత్తమ్మా," అన్నది గంగుబాయి. "ఎనకోళ్ళకు ఇనవడలే."

సత్తమ్మ ఆ పేరు మళ్ళీ చెప్పింది, రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగి చూసేంత గట్టిగా.