పాలలో కడిగిన పన్ను

నెల్లూరులో డెంటల్ పీజీ చేస్తున్నప్పుడు నా పరిశోధనంతా ఊడిన పళ్ళ మీదే. క్లిప్పులు వేసేముందు చోటు కోసం పీకే మంచి పళ్ళను తీసుకుని, కొన్నిటిని పాలలో, కొన్నిటిని కొబ్బరినీళ్ళలో, కొన్నిటిని మామూలు నీళ్ళలో ఉంచేదాన్ని. పంటి వేరు చుట్టూ సన్నటి పొర ఒకటి ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. ఆ పొరలోని కణాలు బతికుంటే, దెబ్బ తగిలి ఊడిపోయిన పన్ను కూడా మళ్ళీ అతుక్కుంటుంది. ఎందులో ఉంచితే అవి ఎక్కువసేపు బతుకుతాయో మైక్రోస్కోపులో చూడటం నా పని. మామూలు నీళ్ళలో ఉబ్బి పగిలిపోయేవి. పాలలో మాత్రం నిలిచేవి.

"ఊడిపోయిన పన్నుతో ఏంది పని? కట్టుడు పన్ను పెట్టిస్తే సరిపోలా?" అనేది అమ్మ. సొంత పన్నుకు ఏదీ సాటి రాదనేదాన్ని. కానీ అప్పటికి నేను ఒక్క మనిషి నోట్లో కూడా పన్ను తిరిగి నిలబెట్టి ఎరగను.

ఒక ఆదివారం అల్లూరులో ఆడపిల్లల కబడ్డీ పోటీలు జరిగాయి. మా పిన్ని కూతురు ఆడుతోందని వెళ్ళాను. డిగ్రీ చదివే పిల్ల. కూతకు వెళ్ళిందంటే ఉత్త చేతులతో తిరిగొచ్చే రకం కాదు. ఆ రోజు గీత వైపు దూకుతుంటే, అడ్డుపడిన అమ్మాయి మోచెయ్యి మూతికి తగిలింది. లేచి కూర్చునేసరికి నోటినిండా రక్తం. పై వరుసలో ముందు పన్ను లేదు.

వాళ్ళ కోచ్ ఇసుకలో వెతికి పన్ను పట్టుకొచ్చాడు. భుజం మీది తువ్వాలుతో దాన్ని రుద్దబోతుంటే నేను గట్టిగా అరిచాను.

"మాస్టారూ, తుడవబాకండి! వేరు ముట్టుకోబాకండి!"

ఆయన బిత్తరపోయి పన్ను నా చేతికిచ్చాడు. పైభాగం మాత్రమే పట్టుకుని మైదానం పక్కనున్న టీ అంగడికి పరిగెత్తాను. అంగడామె పాల ప్యాకెట్టు చింపి పోస్తుంటే, ఆ ధార కింద ఇసుకంతా కొట్టుకుపోయింది.

"కారు తెస్తా, నెల్లూరు పోదాం," అన్నాడు కోచ్.

పాలలో వేసి తీసుకుపోవచ్చు. కానీ దారిలో గడిచే ప్రతి నిమిషం ఆ కణాలకు నష్టమే. పంటికి దాని సొంత గుంతను మించిన చోటు లేదు; పాలలో కూడా కణాలు మెల్లగా చచ్చిపోవడం రోజూ ల్యాబులో చూస్తున్నదాన్ని. చెల్లెలి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అక్కా, ఉంటాదా అది?"

"ఖాయంగా చెప్పలేను. ఇప్పుడే పెడితే ఉండే అవకాశం ఎక్కువ. నొప్పి పుడతాది."

"అయితే పెట్టెయ్. బిన్నా, లేటు చేయబాక."

పక్క పంటితో సరిచూసుకుని మెల్లగా నొక్కాను. ఆమె నా మోచేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. కాస్త అడ్డుపడి, జారి, పన్ను తన చోట్లో కూర్చుంది. మడిచిన రుమాలు కరిచిపట్టుకోమన్నాను. అప్పుడు ఎక్కాం కోచ్ తెచ్చిన కారు.

నెల్లూరులో మా ప్రొఫెసర్ మేడమ్ సెలవురోజని చూడకుండా వచ్చి ఎక్స్‌రే తీశారు.

"ఎవరు పెట్టారు దీన్ని?"

"నేనే మేడమ్. గ్రౌండులోనే."

ఆవిడ ఫిల్మును మళ్ళీ వెలుతురుకు పట్టి చూశారు. "ఇంతకంటే బాగా నేనూ పెట్టలేను," అన్నారు. పక్క పళ్ళకు సన్నటి తీగ వేసి దాన్ని కదలకుండా కట్టారు. లోపలి నరం ఎలాగూ బతకదు కాబట్టి, ఆ తర్వాత నేనే రూట్ కెనాల్ చేశాను.

అసలు భయం తర్వాతే. కణాలు చచ్చిపోతే ఎముక ఆ వేరును మెల్లగా తినేస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రే తీసి చూసేదాన్ని. ఏడాది గడిచాక తీసిన ఎక్స్‌రేలో వేరు చుట్టూ, ఆ పొర ఉండే చోట, సన్నటి నల్లగీత ఎక్కడా తెగకుండా కనిపించింది. పొర బతికింది! డిపార్టుమెంటులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి చూపించాను. ఎంత పెద్దగా నవ్వానో, పక్క గదిలో పేషెంట్లు కూడా తొంగిచూశారు.

మరుసటి పోటీలకు చెల్లెలు, దెబ్బ తగలకుండా నేను చేసిచ్చిన పళ్ళ తొడుగు వేసుకుని దిగింది. చివరి కూతలో ఇద్దరిని తాకి, ముగ్గురు పట్టుకున్నా ఈడ్చుకుంటూ వచ్చి గీత అందుకుంది. కప్పు గెలిచారు. తొడుగు తీసి జేబులో పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ "అక్కా, గెలిచినాం!" అని అక్కడినుంచే కేకేసింది. జనంలోంచి నేను అంతకంటే పెద్ద కేక వేశాను.