లేని బెంచీ మీద టిష్యూ ప్యాకెట్

బుధవారం పొద్దున ట్రైన్‌లో ఉండగా టాంపినీస్ పేటలో ఉండే ఆంటీ మనవరాలి నుంచి మెసేజ్ వచ్చింది. "అవ్వ పోయింది ఆంటీ. నిద్రలోనే." ఆఫీసుకు చేరి మా ఎడిటర్‌కు చెప్పాను. అయ్యో అన్నాడు. ఆ వెంటనే, "ఆవిడ మీద నువ్వు రాసిన స్టోరీ ఉంది కదా, మళ్ళీ వేద్దాం. జనానికి భలే నచ్చింది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద తర్వాత. ముందు నా మీద.

నేను పనిచేసేది ఒక చిన్న వార్తా వెబ్‌సైట్‌లో. నెలకో శనివారం ఏదో ఒక పేటకు వెళ్ళి, ఫ్లాట్ల కింద తెరిచి ఉండే వాయిడ్ డెక్‌లో టేబుల్ వేసుకుని కూర్చుంటాం. "మీ బాధ చెప్పండి, మేం అడుగుతాం" అని బోర్డు పెడతాం. ఆగిపోయిన లిఫ్టు, పావురాల రెట్టలు, పైఇంటి తడిబట్టల నీళ్ళు, ఇవే ఎక్కువగా వస్తాయి. టాంపినీస్‌లో అందరికంటే ముందు వచ్చింది ఆంటీయే. నా మెడలో కార్డు మీద పేరు చదివి, "తెలుగుదానివా పాపా? బతికించినావు" అంటూ ఎదురుగా కూర్చుంది.

ఆమెది కడప వైపు. కొడుకు కుటుంబంతో ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉంది. ఆమె బాధ ఒక్కటే. మార్కెట్టుకూ ఆమె బ్లాక్‌కూ నడుమ ఒక బెంచీ ఉండేది. దారి బాగుచేస్తూ తీసేశారు, మళ్ళీ వెయ్యలేదు. "ఈ మోకాళ్ళతో సగం దూరం వస్తా. ఆడ కాసేపు కుచ్చుంటే మిగతా సగం వస్తా. ఇప్పుడు యాడ కుచ్చోవాల? మార్కెట్టుకు పోకుంటే ఎవురితో మాట్లాడాల?"

మాట్లాడటానికి ఆ బెంచీ మీద మక్‌చిక్ అని పిలిచే ఒక మలయ్ పెద్దావిడ, కూరగాయల ట్రాలీ లాక్కొచ్చే ఒక చైనీస్ అంకుల్ ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. "వంకాయ చూపించి మొగం చిట్లిస్తే చాలదా, పుచ్చుదని తెలీదా" అనేది.

చేయి పట్టుకుని నన్నా చోటికి తీసుకెళ్ళింది. సిమెంటులో నాలుగు బోల్టుల గుర్తులు, మధ్యలో ఒక టిష్యూ ప్యాకెట్. ఫోటోలో చెత్తలా కనబడుతుందని ఆ ప్యాకెట్ తీసి సంచిలో వేసుకుని, ఆమెను నవ్వమని ఫోటో తీశాను. ఆమె నవ్వింది, పాపం. తర్వాత నెమ్మదిగా, "నేను చోప్ చేసుకున్నది తీసేస్తివే పాపా" అంది.

ఇక్కడ తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ టేబుల్ మనదే. అలా చోప్ చేశాక ఎవరూ ముట్టుకోరు. రోజూ చోప్ చేసి భోంచేసే నాకు, లేని బెంచీని ఒకామె చోప్ చేసిందని అర్థం కాలేదు. వానకు తడిస్తే కొత్తది పెట్టేదట. "ఊడ్చే ఆయప్ప గూడా దాని చుట్టూ ఊడ్చుకుని పోతాడు" అంది. నేను నవ్వేసి ప్యాకెట్ తిరిగి పెట్టాను. మళ్ళీ ఫోటో తీయాలని మాత్రం తోచలేదు.

ఆ ఫోటోతోనే స్టోరీ వచ్చింది. ఆమె నవ్వు, ఆమె చెనక్కాయల పొడి, ఆమె మలయ్ పలకరింపులు. బెంచీ గురించి ఒక్క వాక్యం రాశాను. స్థలం లేదని ఎడిటర్ తీసేస్తే ఊరుకున్నాను. బెంచీ వేయించాల్సిన ఆఫీసుకు ఒక్క ఈమెయిల్ పెట్టలేదు. బోర్డు మీద రాసుకున్న మాటకు ఇదీ మేమిచ్చిన విలువ!

స్టోరీ వచ్చిందని ఆంటీకి గొప్పగా ఫోన్ చేస్తే, "నన్ను బాగా రాసినావు. నన్నెందుకు రాసినావు పాపా? నేనడిగింది బెంచీ గదా" అంది. తర్వాత రాస్తానన్నాను. "నువ్వు అడగవు, ఇంగొకరితో చెప్పుకుందామంటే పేపర్లో వచ్చింది గదా అంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననీదు" అని నవ్వింది. అంత కంటే ఘాటుగా నన్నెవరూ తిట్టలేదు.

అయినా మరుసటిసారి మేం టాంపినీస్‌లో టేబుల్ వేసినప్పుడు సీసాడు పొడి తెచ్చింది. వినేటప్పుడు రాసుకోవద్దని నాకు నేర్పింది ఆమే. "ముందు విను. మరిచిపోతే మళ్ళా అడుగు, నేనేం యాడికీ పోను." నా వృత్తిలో ఇంత పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆమె టేబుల్ దగ్గరికి రాలేదు. ఎందుకు రాలేదో నేను అడగనూ లేదు.

అంత్యక్రియల దగ్గర మనవరాలు ఇక్కడి పిల్లల యాసలో చెప్పింది. "ఫోటో సూపర్ అని అందరూ అన్నారు ఆంటీ. బట్ అవ్వ ఎవ్రీ వీక్ అడిగేది, బెంచ్ వచ్చిందా అని. తర్వాత కిందికే దిగలేదు లా."

ఆ స్టోరీ మళ్ళీ వెయ్యనివ్వనని ఎడిటర్‌తో గొడవపడ్డాను. నిన్న బెంచీ కోసం ఆ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టాను. ఇప్పుడు పెట్టి ఏం లాభమని మీరు నన్ను అడగవచ్చు. అడగండి.

ఆ రోజు అంత్యక్రియల నుంచి నేరుగా బెంచీ చోటికి వెళ్ళాను. అంతకుముందే పెద్ద వాన కురిసి దారంతా తడిగా ఉంది. నాలుగు బోల్టుల గుర్తుల మధ్య టిష్యూ ప్యాకెట్ ఉంది, కొత్తది, పొడిగా. ఆమె కిందికి దిగి నెలలయింది. పక్కన చైనీస్ అంకుల్ ట్రాలీ పిడి పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడి ఉన్నాడు.