లసుమవ్వ ఇంట్లో నస్రీన్

హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చదివే నస్రీన్ సెలవులకు కోరుట్ల వస్తే, మధ్యాహ్నమంతా తల్లి హలీమాబీ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. ఈసారి అన్నం తినగానే మా పక్కింటి లసుమవ్వ దగ్గరికి పోతోంది. అడవికి పోయి నక్సలైటు అన్నల్లో కలిసిన కొడుకు ఎన్‌కౌంటర్‌లో పోయినప్పటి నుంచి లసుమవ్వకు మాట లేదు. పోలీసుల భయానికి మేమెవరమూ ఆ గడప తొక్కలేదు.

"నీ పేరు రాసుకపోతరు బిడ్డా! రేపు నౌకరీ ఎవడిస్తడు?" అని హలీమాబీ మా అందరి ముందే కసిరింది.

"గీమె దగ్గర కూసునుడు రాకుంటె గా నౌకరీ నాకెందుకమ్మీ?" అంది నస్రీన్.

వెళ్లి, గోడకు ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. ఏమీ అడగదు. ఇరవై రెండేళ్ల పిల్లకు అంత ఓపిక ఎక్కడిదో! పదకొండో రోజు లసుమవ్వ తనంతట తానే నోరు తెరిచింది. "మావోడు పచ్చిపులుసుంటె ఇంకో ముద్ద ఎక్కువ తినేటోడు" అని, భోరుమంది. మా కిటికీలోంచి చూస్తున్న నేనైతే ఊకో అని కళ్లు తుడిచేదాన్ని. నస్రీన్ తుడవలేదు.

"ఇంకేం తినేటోడవ్వా?" అంది.

లసుమవ్వ చెబుతూనే ఉంది. పొద్దుగూకి మొహాలు కనబడకుండా పోయాయి. స్విచ్చు నస్రీన్ తల పక్కనే ఉంది. వెలుగు పడితే ఆ మాట ఆగిపోతుందనుకుందేమో, ఆమె లైటు వేయలేదు.