వృత్తం బయట రెండు మచ్చలు

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. హైస్కూల్లో లెక్కల మాస్టారిని. రుజువు లేనిదాన్ని ఒప్పుకోవడం నా వల్ల కాదు. మిమ్మల్నీ ఒప్పుకోమనను. జరిగింది గనక రాస్తున్నాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో జగ్గయ్యపేటలో నేనూ నా భార్య మార్తమ్మా ఓ అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. బడి అయ్యాక బహుపదుల మీద థీసిస్ రాసుకునేవాణ్ణి. బహుపదిలో x బదులు ఏ సంఖ్య పెడితే మొత్తం సున్నా అవుతుందో, అది దాని మూలం. మూలాలను బొమ్మలో చుక్కలుగా చూపించవచ్చు. ఒకానొక వరస బహుపదుల మూలాలన్నీ ఒకే వృత్తం లోపలే ఉంటాయని నా సిద్ధాంతం. అది నెగ్గితే కాలేజీ ఉద్యోగం ఖాయం.

కాగితం చాలక, నల్లటి నాపరాళ్ళ గచ్చు మీదే సుద్దతో వృత్తం గీశాను. మధ్యగా ఓ అడ్డగీత.

రోహిణి కార్తె. బావులు అడుగంటాయి. థీసిస్ పోస్టులో పంపడానికి సిద్ధమైన శనివారం పొద్దున, వృత్తానికి కాస్త బయట, అడ్డగీతకు పైన, రూపాయి బిళ్ళంత తడి మచ్చ కనిపించింది. తుడిచాను. మళ్ళీ ఊరింది.

"నీళ్ళేమన్నా ఒలికాయా?" అన్నాను.

"తాగటానికే లేవు, ఒలకబొయ్యటానికి ఎక్కడివండీ?" అని విసుక్కుంది మార్తమ్మ.

నా కంటికది మూలాన్ని చూపే చుక్కలా కనిపించింది. అక్కడ మూలం ఉంటే నా కష్టమంతా గంగపాలే. అయినా ధైర్యం చెప్పుకున్నాను. ఈ బహుపదుల్లో గీత మీద పడని మూలాలు జంటగానే వస్తాయి. గీతకు పైన ఒకటుంటే, అద్దంలో నీడలా సరిగ్గా కింద ఇంకొకటి ఉండి తీరాలి. ఒంటరి మచ్చ ఉత్త చెమ్మే.

ఆదివారం తాళం వేసి చర్చికి వెళ్ళాం. తిరిగొచ్చి తలుపు తీస్తే, గీత కింద రెండోది ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. పైదానికి ఎంత దూరమో కిందదానికీ అంతే.

"ఏంటండీ, మొహం అట్టా పాలిపోయింది?" అంది మార్తమ్మ.

అన్నం ముట్టకుండా, ఆ చోటికి సరిపోయే సంఖ్య తీసుకుని లెక్క కట్టాను. ఆ వరసలోని ఒక బహుపది విలువ సున్నాకు దిగింది. చోటు వెంట్రుకవాసి జరిపితే మళ్ళీ పెరిగింది. నా రుజువంతా వెతికితే, ఒకచోట పెద్ద విలువను చిన్నదిగా రాసుకున్నట్టు బయటపడింది. కూర్చుని ఏడ్చాను.

"పోతే పోయింది లెండి. పంపకముందే తెలిసింది గదా," అంది ఆవిడ.

తెల్లారేసరికి రెండు మచ్చలూ ఆరిపోయాయి. ఆ ఏడు వానల్లో కూడా అక్కడ చెమ్మ రాలేదు.

తర్వాత నందిగామ బడికి బదిలీ అయ్యాను. రాయి కింద నీటి జాడ ఉండి ఉంటుందన్నారు కొందరు. ఉండనీ. నాకే తెలియని రెండు చోట్లు దానికెలా తెలిశాయి?

నందిగామలో ఇంకో సమస్య చేతికొచ్చింది. చక్కగా సాగింది కూడా. రుజువు ఇక రెండు పంక్తుల్లో ముగుస్తుందనగా, నేల వైపు చూడటానికి భయమేసి కలం మూసేశాను.